తూకం వేసి కొన్న చక్రాల జోళ్ళు

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఇవతల ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. ఆ కొట్టు నగరేశ్వరరావుకి ఈ లోకంలో నమ్మకమైనవి రెండే. ఒకటి కాటా, రెండోది తన చెవి. బిందె తెచ్చి ముందు పెడితే దాని నగిషీ చూడడు, మెరుపు చూడడు. కాటాలో పెట్టి బరువు చూస్తాడు. తరవాత వేలు మడిచి ఒక్క దెబ్బ కొట్టి మోత వింటాడు. అంతే, బేరం తేలిపోయినట్టే. బుడితి నుంచి సరుకు తెచ్చే కంచరివాళ్ళు "షావుకారి సెవిని మోసం సెయ్యలేం బాబూ" అని నవ్వేవారు. ఆ మాటకి పొంగిపోయి వాళ్ళకి టీ తెప్పించేవాడే కానీ ధర మాత్రం పైసా పెంచేవాడు కాదు, అది వేరే సంగతి.

మనిషి చెడ్డవాడు కాడు. ఎండన పడి వచ్చిన ముసలమ్మని కూచోబెట్టి మంచినీళ్ళిచ్చే రకమే. కానీ కుళ్ళు ఉంది చూశారూ, అది మాత్రం ఒంటినిండా ఉంది. అదైనా ఊళ్ళో అందరి మీదా కాదు. ఎదురుకొట్టువాడు మేడ మీద మేడ కట్టినా ఇతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ కుళ్ళంతా ఒక్కడి కోసమే దాచి ఉంచాడు. ఆ ఒక్కడూ తోడల్లుడు భీమశంకరరావు.

భీమశంకరరావు అంటే ఇతని భార్య సూర్యకాంతానికి చెల్లెలి మొగుడు. ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. వయసులో ఇతని కంటే చిన్న, ఒడ్డూ పొడుగులో పెద్ద. నగరేశ్వరరావు ఇంట్లోకి రేడియో కొంటే నెల తిరక్కుండా అతను భుజానికి తగిలించుకునే ట్రాన్సిస్టరు కొన్నాడు. ఇతను సైకిలుకి కొత్త డైనమో పెట్టించుకుంటే అతను స్కూటరు మీద వచ్చి, "ఏటన్నయ్యా, ఇంకా తొక్కతన్నావా?" అన్నాడు. పోనీ ఇతన్ని ఏడిపించడానికే కొన్నాడా అంటే అదీ కాదు. కొనేటప్పుడు అతనికి ఇతని సంగతే గుర్తుండదు. అదిగో, నగరేశ్వరరావు కడుపు మండేది సరిగ్గా అక్కడే.

అరవై ఎనిమిదిలో, వినాయక చవితి వెళ్ళిన వారానికి, భీమశంకరరావు మిల్లు పనిమీద కలకత్తా వెళ్ళి వచ్చాడు. వచ్చిన మర్నాడే కబురు పెట్టాడు, అన్నయ్యనీ వదిననీ సాయంత్రం మిల్లుకి రమ్మని, ఓ తమాషా చూపిస్తానని. వెళ్ళారు. మిల్లు వెనకాల ఉడకబెట్టిన ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. పంట ఇంకా చేతికి రాని రోజులు కాబట్టి కళ్లం ఖాళీగా, ఊడ్చిపెట్టినట్టు ఉంది. కూలివాళ్ళూ ఇరుగుపొరుగూ అప్పటికే గోడవార చేరారు. భీమశంకరరావు చొక్కా టక్కు చేసుకుని, ఎత్తుబల్ల మీద దొరలా కూచుని ఉన్నాడు. కాళ్ళకి బూట్లు. బూట్ల కింద చక్రాలు! ముందు రెండు, వెనక రెండు.

"ఏటి మరిదీ అవి?" అంది సూర్యకాంతం.

"స్కేటింగు బూట్లొదినా. కలకత్తాలో పెద్ద పెద్ద సేట్లు ఈటిమీదే తిరగతన్నారు. సూడు!"

లేచాడు. లేవడం ఏమిటి, సర్రున వెళ్ళిపోయాడు. ఆ చివరిదాకా వెళ్ళి, గోడని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి మళ్ళీ సర్రున వచ్చాడు. పిల్లలు ఈలలు. పొద్దస్తమానం ఆ కళ్లంలోనే కాళ్ళతో ధాన్యం తిరగేసే అసిరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మో! మా బాబు అడుగెయ్యకండానే ఎలిపోతన్నాడు. మాకూ తలోజత కొంటే దాన్యం బేగి తిరగేసీదుము కదే!" అంది. అందరూ గొల్లుమన్నారు.

సూర్యకాంతం కూడా నవ్వింది. అదీ అసలు సంగతి. సూర్యకాంతం నవ్వని మనిషేం కాదు. కానీ ఇంట్లో ఆవిడ నవ్వు ఎలాంటిదంటే, పెదవి చివర కనిపించి లోపలికి వెళ్ళిపోతుంది. మరీ ఎక్కువైతే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పెళ్ళయి పదేళ్ళు దాటింది, పిల్లలు కలగలేదు, ఇల్లు ఎప్పుడూ ఒకే మాదిరి నిశ్శబ్దంగా ఉండేది. ఆ మనిషి ఆవేళ పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా, పక్కనున్న చెల్లెలి భుజం పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. కొంగు ఎక్కడుందో కూడా చూసుకోలేదు.

నగరేశ్వరరావు చూసింది అదొక్కటే. ఆ చక్రాలెలా తిరుగుతున్నాయో చూడలేదు. తోడల్లుడికి ఆగడం రాదని, ప్రతిసారీ గోడకి గుద్దుకునే ఆగుతున్నాడని అసిరమ్మతో సహా అందరూ చూశారు, ఇతను తప్ప. భార్య మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం తనకెప్పుడూ చూపించలేదు. తన పెళ్ళాం మొహం, తనకి తెలియని మొహం, తోడల్లుడి కళ్లంలో చూడాల్సి వచ్చింది. ఒళ్ళు భగ్గుమంది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అడిగేశాడు.

"ఏటంత నవ్వు?"

"నవ్వొచ్చింది, నవ్వినాను. తప్పా?"

"తప్పని ఎవలన్నారు? ఇంట్లో ఎప్పుడూ అలగ నవ్వవు కదా అని."

"ఇంట్లో ఏటి జరిగిందని నవ్వనండీ?" అంది ఆవిడ. దెప్పడానికి అనలేదు, అడిగితే చెప్పింది. ఆ రాత్రి భోజనం దగ్గర పప్పులో ఉప్పు లేదన్నాడు, ఉంది. చారు చల్లారిపోయిందన్నాడు, పొగలు వస్తోంది. విస్తరి ముందు నుంచి సగం కడుపుతో లేచిపోయాడు.

ఆ మర్నాటి నుంచి కొట్లో బుర్ర నిలవలేదు. బిందె మీద దెబ్బ కొడితే మోత వినిపించడం మానేసి ఆ నవ్వు వినిపిస్తోంది. ఓ పెళ్ళివారికి గంగాళం తూచి, తూచిన సంగతి మరిచిపోయి మళ్ళీ తూచాడు. నాలుగు రోజులు ఇలా ఉడికి ఉడికి, చివరికి ఒక నిశ్చయానికి వచ్చాడు. తనూ కొంటాడు ఆ చక్రాల జోళ్ళు. తనూ తిరుగుతాడు. సూర్యకాంతం అదే నవ్వు తనని చూసి నవ్వాలి. నవ్వి తీరాలి. ఆవిడ పట్టు చీర అడగలేదు, వడ్డాణం అడగలేదు, ఒక్క నవ్వు తను అడగాల్సి వచ్చింది, ఖర్మ!

విశాఖపట్నంలో ఓ ఆటసామాన్ల కొట్టు ఉందని తెలుసుకుని, సరుకు పనని చెప్పి బస్సెక్కాడు. కొట్టు యజమాని గణపతిరావు మాటకారి. రెండు జతలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి బూట్ల జత. మెత్తని తోలు, బూటు అడుగునే చక్రాలు బిగించి ఉన్నాయి. వేలితో తడితే చక్రం గిర్రున తిరిగి, ఎంతకీ ఆగదు. రెండోది పట్టీల జత. ఒక ఇనప పీట, దాని కింద పోతపోసిన నాలుగు చక్రాలు, కాలికి కట్టుకోడానికి తోలు పట్టీలు, అంతే. వేలితో తడితే ఒక చుట్టు తిరిగి బద్ధకంగా ఆగిపోయింది. ఖరీదులో మాత్రం పట్టీల జత బూట్ల జతకి మూడో వంతు లేదు.

"ఎవరికండీ, పిల్లలకా?" అన్నాడు గణపతిరావు.

"నాకే."

గణపతిరావు మొహంలో నవ్వు రాబోయి ఆగింది. బేరగాడు కదా. "అయితే ఈ బూట్ల జతే తీసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకే మంచివి కావాలి షావుకారుగారూ. బూటు మడమని పట్టి ఉంచుతుంది, కాలు మెలికపడదు. లోపల బేరింగులున్నాయి, ఒక్క తోపు చాలు. ఈ పట్టీలవి కొన్నవాళ్ళు పది రోజులకి విసుగెత్తి మూల పడేస్తారు. నా అనుభవం మీద చెప్తున్నాను."

నగరేశ్వరరావు లోపల నవ్వుకున్నాడు. నేనూ కొట్టు పెట్టుకున్నవాణ్ణే, నాకా నువ్వు చెప్పేది! ఖరీదైనది కదలక బల్ల మీద మూలుగుతోంది, అందుకే నీకింత ప్రేమ. అని అనుకుని, "కాటా ఉందా?" అన్నాడు.

"కాటా ఎందుకండీ?"

ఆ కొట్లో కాటా లేదు. పక్కన కిరాణా కొట్లో ఉంది. గణపతిరావు నోరు తెరిచి చూస్తూండగా నగరేశ్వరరావు రెండు జతలూ చంకన పెట్టుకుని వెళ్ళి, చింతపండు తూచే పళ్ళెంలో ఒకదాని తరవాత ఒకటి పెట్టి తూచాడు. పైగా బూట్ల జతలో తోలు బరువెంతుంటుందో చేత్తో అంచనా కట్టి తీసేశాడు, కొట్లో చెక్కపిడి గరిటెలకి చేసినట్టు. పట్టీల జతలో ఇనుము ఇంచుమించు రెట్టింపు ఉంది! వేలు మడిచి కొట్టి చూశాడు. బూట్ల చక్రం టిక్కుమంది. పట్టీల చక్రం ఖంగుమంది. ఇంకేం కావాలి? మూడోవంతు ధరకి రెట్టింపు లోహం. ఆ బేరం వదులుకున్నవాడు వర్తకుడెలా అవుతాడు?

"ఇదే ఇవ్వండి" అన్నాడు గర్వంగా.

"మీ ఇష్టం. పీట దగ్గర ఈ మర ఉంది చూడండి, తిప్పితే కాలి కొలతకి సాగుతుంది, కురచ అవుతుంది. నచ్చకపోతే దసరాలోగా తెచ్చి తేడా ఇచ్చేసి బూట్లు పట్టుకెళ్ళండి" అన్నాడు గణపతిరావు. ఆ మాటలో జాలి ఉంది. ఇతనికి వినిపించలేదు.

ఇంటి మేడ మీద నున్నటి గచ్చు. చుట్టూ నడుం ఎత్తు పిట్టగోడ. పొద్దున్నే, కొట్టు తెరవకముందు, నగరేశ్వరరావు పంచె ఎగ్గట్టి పట్టీలు బిగించుకున్నాడు. సూర్యకాంతం కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఆవిడ మొహం చూస్తూ లేచాడు. లేచి, పిట్టగోడ వదిలాడు. చక్రాలు కదల్లేదు. కాలు ఈడ్చాడు, గరగరమంది. ఇంకాస్త గట్టిగా ఈడ్చాడు, ఈసారి కదిలాయి, మనిషి మాత్రం వెనకే ఉండిపోయి వెల్లకిలా పడ్డాడు.

"అయ్యయ్యో!" అని సూర్యకాంతం కాఫీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. లేపింది. కూచోబెట్టింది. నడుముకి పసుపూ సున్నం పట్టు వేసింది. నవ్వలేదు. ఒక్క రవ్వ కూడా నవ్వలేదు. తోడల్లుడు తిరిగితే పడి పడి నవ్వు, కట్టుకున్నవాడు పడితే పసుపూ సున్నమా! నగరేశ్వరరావుకి ఏడుపొచ్చినంత పనైంది. కనీసం పడ్డందుకైనా నవ్వొచ్చు కదా.

"ఆ మర ఏటండీ?" అంది పట్టు వేస్తూ.

"పెద్ద కాలుకి పీట సాగుతాది, సిన్న కాలుకి కురస అవతాది. నీకెందుకేటి?"

"ఊరికే."

రోజూ ఇదే తంతు. పైగా ఇత్తడి సామాన్ల మనిషి కదా, చక్రాలకి మెరుపు తగ్గిందని చింతపండూ బూడిదా పెట్టి తోమాడు. తోమినప్పుడు అద్దంలా మెరిశాయి, తెల్లారేసరికి తుప్పు పట్టి మరింత బిగుసుకుపోయాయి. అవతల భీమశంకరరావు వెనక్కి కూడా తిరుగుతున్నాడని కబుర్లు. నగరేశ్వరరావు ఇంక పడలేక, జోళ్ళు తీసి మెట్లకింద గూట్లో పడేసి, వాటి మాటెత్తితే మండిపడడం మొదలుపెట్టాడు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఇంతలో ఇంకో విడ్డూరం. సూర్యకాంతం మారింది. మధ్యాహ్నం భోజనానికి వెళ్తే తొందర తొందరగా వడ్డించి, "కొట్టుకి ఆలీసం అవదా?" అంటోంది. ఆ మాట జన్మలో అనలేదు. సాయంత్రం వచ్చేసరికి బుగ్గలు ఎర్రగా, కళ్ళు తేటగా ఉంటున్నాయి. కూనిరాగం తీస్తోంది. మోచేతికి పసుపు పెట్టుకుని ఉంటే ఏమిటని అడిగాడు. గుమ్మం తగిలిందంది. గుమ్మం మోచేతికెలా తగులుతుంది?

దసరాకి వారం ఉందనగా మరదలు కన్యాకుమారి, అదే భీమశంకరరావు భార్య, ఆయుధపూజకి పిలవడానికి వచ్చింది. పిలుపుతో ఆగితే బాగుండేది.

"మా అక్క మొకం ఏటి బావా ఇలగ ఎలిగిపోతన్నాది? ఏటి పెడతన్నావేటి?" అని పకపకలాడి, "మర్సిపోయాను. పూజ అయ్యాక కళ్లంలో పోటీ ఉంటాదట. ఈయన నీ జోళ్ళు కూడా తెమ్మన్నారు. నువ్వు కొన్నావని ఊరంతా తెలుసులే!" అంది.

ఆ మాటతో నగరేశ్వరరావుకి ఆ పోటీ అంతా కళ్ళకి కట్టింది. ఊరందరి ముందూ, సూర్యకాంతం ముందూ, ఆ ఇనప పీటలు ఈడ్చుకుంటూ తను, సర్రుమని తోడల్లుడు. అప్పుడామె మళ్ళీ నవ్వుతుంది, ఎవర్ని చూసో చెప్పక్కర్లేదు. అలా జరగనివ్వకూడదు. ఈ తుప్పుముక్కలు తిరిగిచ్చేసి ఆ బూట్ల జతే తెచ్చేద్దామని మర్నాడు పొద్దున్నే గూట్లోంచి జోళ్ళు తీశాడు. తీసి గతుక్కుమన్నాడు.

పీటలు కురచగా ఉన్నాయి. తను తన కాలి కొలతకి సాగదీసి పెట్టినవి. ఎవరో మర తిప్పేశారు. కాలు పెట్టి చూశాడు, మడమ సగం బయటికి వచ్చేసింది. చక్రాలకి తుప్పు లేదు. వేలితో తడితే గిర్రున తిరిగాయి. ఎవరు ముట్టుకున్నారు? ఎవరో వస్తున్నారు. మధ్యాహ్నం, తను కొట్లో ఉండగా, తన ఇంటికి ఎవరో వస్తున్నారు. ఎర్రబడ్డ బుగ్గలు, కూనిరాగం, మోచేతి పసుపు అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. ఇంకెవరు? ఆ స్కూటరువాడే! వదినకి నేర్పుతానని వచ్చి ఉంటాడు. చెయ్యి పట్టుకుని తిప్పుతూ ఉంటాడు.

అయ్యా, భీమశంకరరావు పాదం ఇతని పాదం కంటే పెద్దది. అతను ఎక్కితే పీట సాగాలి గానీ కురచ కావడమేమిటని ఆ క్షణంలో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. కుళ్ళుతో నిండిన బుర్రకి కొలతలెక్కడ గుర్తుంటాయి! పళ్ళు కొరుక్కుంటూ జోళ్ళు గూట్లో ఎలా ఉన్నవి అలా పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కొట్టుకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోంచేసి మళ్ళీ కొట్టుకన్నట్టు బయలుదేరి, సందు చివర పాన్‌షాపు దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు. వీధి తలుపు గడియ పెట్టి ఉంది. పెరటి వైపు నుంచి వెళ్ళాడు. మేడ మీద నుంచి చక్రాల మోత! గరగర కాదు, నున్నగా, ఆగకుండా. మోత వెంటే నవ్వు. ఆ నవ్వే. కళ్లంలో విన్న నవ్వే.  నగరేశ్వరరావు చేతికి దొరికిన రోకలి పట్టుకుని మెట్లెక్కాడు. పై మెట్టు దగ్గర తలుపు సందులోంచి చూశాడు.

సూర్యకాంతం. ఒక్కత్తీ. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కొంగు నడుముకి చుట్టుకుని, ఎండబెట్టిన వడియాల చాప చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. మలుపు దగ్గర ఒంగుతోంది, రెండు చేతులూ రెక్కల్లా చాపుతోంది, కాలి మునివేళ్ళు పక్కకి తిప్పి సుతారంగా ఆగుతోంది. ఆగి, తనలో తనే విరగబడి నవ్వి, మళ్ళీ బయల్దేరుతోంది.

రోకలి పట్టుకుని వచ్చిన మనిషికి ఊపిరి తిరిగిందా? తిరిగింది, క్షణం సేపు. ఆ వెంటనే అంతకంటే పెద్ద మంట పుట్టింది. అవతల ఇంకో మగాడుంటే తిట్టొచ్చు, కొట్టొచ్చు, పోటీ పడొచ్చు. ఇక్కడ ఎవరున్నారు? ఆ నవ్వుకి ఎవరూ అక్కర్లేదు. తోడల్లుడూ అక్కర్లేదు, తనూ అక్కర్లేదు.

తలుపు తోశాడు. సూర్యకాంతం చూసింది. నవ్వు టక్కున ఆగిపోయింది. గబుక్కున గచ్చు మీద కూలబడి, కుచ్చెళ్ళు కిందికి లాక్కుని, కొంగు భుజం నిండా కప్పుకుంది.

"ఎవల్లేరండీ... నేనే..." అంది రోకలి వంక చూస్తూ.

రోకలి గోడకి ఆనించాడు. "కదలవు కదా ఇవి. ఎలగ తిరగతన్నావు?"

"కుట్టుమిషను నూనె ఏసినాను."

"ఎప్పుడు మొదలెట్టినావు?"

"మీరు గూట్లో పడేసిన మర్నాడు." తల వంచుకునే చెప్పింది. "ఆయాల మిల్లుకాడ సూసిన కాణ్ణుంచీ అదే ద్యాస. అంత సంబరం కాళ్ళకిందే ఉంటాదా అని. ఆడదానికి ఇయ్యన్నీ ఎందుకంటారని అడగలేదు. ఈ యేళప్పుడు ఈదంతా పడుకుంటాది, ఎవలూ సూడలేదు. ఎవలికీ సెప్పకండి. కన్యకైనా సెప్పకండి, ఊరంతా సాటేస్తాది. అప్పుడిక ఎక్కలేను."

అయితే ఆవేళ ఆవిడ చూసింది తోడల్లుణ్ణి కాదు, అతని బూట్లని! పదేళ్ళ కాపరంలో తను పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఈ నెల రోజుల కుళ్ళూ ఒక ఎత్తు, అంతా దండగ. 

"ఇయి మార్సీసి మంచి బూట్ల జత తెస్తాను. దసరాలోగా మారుస్తానన్నాడు ఆ కొట్టాయన" అన్నాడు నగరేశ్వరరావు.

సూర్యకాంతం చప్పున పట్టీల మీద చెయ్యేసింది. "బూట్లయితే మీ కాలికే కదండీ సరిపోతాయి" అంది మెల్లిగా.

 తూకం చూసి, మోత చూసి, తన తెలివికి తనే మురిసిపోయి కొన్న ఆ ఇనప పీట ఒక్కటే ఆవిడ కాలికి సరిపడింది. అదీ తన గొప్ప కాదు. ఇందాకణ్ణుంచీ తొలుస్తున్నది చివరికి అడిగేశాడు.

"నవ్వెందుకాపీసినావు?"

సూర్యకాంతం తలెత్తి చూసింది. ఆ ప్రశ్నేమిటో ఆవిడకి అర్థం కాలేదు. "మీరొచ్చినారు కదండీ" అంది.

నగరేశ్వరరావు మెట్లు దిగి కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఎవరో చెంబు తెచ్చి ముందు పెడితే, తూచకుండా, కొట్టకుండా, దానికేసి చూస్తూ కూచున్నాడు.

ఆయుధపూజ రోజు రానే వచ్చింది. మిల్లులో మిషన్లకి పసుపూ కుంకం పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, అందరికీ పులిహోర పెట్టారు. కళ్లం కడిగించి ఉంది. భీమశంకరరావు బూట్లు బిగించుకుని సర్రున ఒక చుట్టు కొట్టి, గోడకి గుద్దుకుని ఆగి, అరిచాడు.

"ఏటన్నయ్యా, నీ జోళ్ళేవీ? బయపడ్డావేటి?"

ఈసారి నగరేశ్వరరావు తోడల్లుడి కాళ్ళు చూశాడు. వీడికి ఆగడమే రాదు! సూర్యకాంతం మునివేళ్ళు తిప్పి ఎంత సుతారంగా ఆగుతుందని! వీడు గోడ లేకపోతే శ్రీకాకుళం దాకా పోతాడు. మాట నాలిక చివరికి వచ్చేసింది. 'మా ఇంటావిడ ముందు నువ్వెంతరా!' అని ఒక్క మాటంటే చాలు. ఇన్నేళ్ళ మంటా చల్లారిపోతుంది. ఈ స్కూటరువాడి మొహం ఊరందరి ముందూ మాడిపోతుంది. నోరు కూడా తెరిచాడు. పక్కకి చూశాడు. ఆడవాళ్ళ మధ్య సూర్యకాంతం కొంగు వేళ్ళకి బిగించి చుట్టుకుని ఇతని నోటివంకే చూస్తోంది.

"నాకు రాలేదు తమ్ముడూ" అన్నాడు. ఆ మాట పైకి రావడానికి ప్రాణం పోయినంత పనైంది. "తూకం సూసి కొన్నాను. కదల్లేదు. నడుం ఇరిగింది. ఒగ్గీసినాను."

కళ్లమంతా నవ్వులు. "తూకమా! జోళ్ళకి తూకమేటి బావా!" అని కన్యాకుమారి పొట్ట పట్టుకుంది. భీమశంకరరావు గోడ పట్టుకుని వంగి వంగి నవ్వాడు. అసిరమ్మ కూడా, "సావుకారు కాటాలో కూకుని తిరిగుంటాడు!" అంది. నగరేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. అయినా నిలబడే ఉన్నాడు.

సూర్యకాంతం నవ్వలేదు. అంతమందిలో ఆవిడొక్కతే నవ్వలేదు. చుట్టిన కొంగు వేళ్ళనుంచి వదిలి ఇతన్ని చూస్తూ ఉండిపోయింది. నగరేశ్వరరావు తట్టుకోలేక తల తిప్పుకుని, ఇంకాస్త పులిహోర పెట్టమని విస్తరి చాపాడు.

ఇంటికి రిక్షాలో బయల్దేరారు. కోట దాటారు.

"రేపు పొద్దున్న మీరూ ఎక్కండి" అంది సూర్యకాంతం. "పీట సాగదీసి పెడతాను. నూనె ఏసినాను కదా, పడరు. పడినా..."

"పడినా?"

"ఆయాల పడ్డట్టు పడరు లెండి. జోళ్ళు ముందుకి, మీరు ఎనక్కి, పంచె..." అంటూండగానే ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్కసారి. ఆవేళ పసుపూ సున్నం కలుపుతూ కూడా బిగబట్టుకుందని అప్పుడు తెలిసింది ఇతనికి. పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా, ఇతని భుజం పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. కొంగు ఎక్కడుందో చూసుకోలేదు.

ఆ నవ్వు విని రిక్షావాడు, ఏమైందో అని తొక్కుతూనే వెనక్కి తిరిగి చూశాడు. చూసి, వాడూ పళ్ళికిలించాడు.

"ఏటా సూపు?" అని కయ్యిమన్నాడు నగరేశ్వరరావు. "నీకేటి సంబందం? ముందుకి సూసి తొక్కు!"